పుట్టింటికి వచ్చేసినంత మాత్రాన వదిలేసినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో న్యాయ సలహాల శీర్షిక కింద ఆమధ్య ఒక పాఠకురాలి ప్రశ్నకి రెండే రెండు వాక్యాల్లో జవాబు వేశారు. భార్యాభర్తలు రెండేళ్లు విడిగా ఉంటే విడాకులు వచ్చేస్తాయి, కంగారు పడకండి అని దాని సారాంశం. ఆ జవాబు తప్పు. పేపర్లో ఏదో పొరపాటు పడిందిలే అనుకుని ఊరుకునేదాన్నే. కానీ ఆ ముక్కని కత్తిరించి పర్సులో పెట్టుకుని, రోజులు లెక్కపెట్టుకుంటున్న ఒక అమ్మాయిని పోయిన వారం కళ్లారా చూశాను. అందుకే రాస్తున్నాను.

నేను లాయర్ని కాను. 31 ఏళ్లు విశాఖపట్నంలో వకీళ్ల ఆఫీసుల్లో టైపిస్టుగా పనిచేశాను. మొదట్లో మిషను మీద నాలుగు కార్బన్లు పెట్టి కొట్టేదాన్ని, తర్వాత కంప్యూటర్ మీద. విడాకుల పిటిషన్లు ఎన్ని కొట్టానో లెక్క లేదు. కొట్టేటప్పుడు చదవకుండా ఎవరుండగలరు? చదివాను. అంతకంటే ముఖ్యం, ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లు లాయరుగారికి చెప్పుకోలేనివి నాకు చెప్పేవారు.

ముందు మీ జవాబు సంగతి. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. అప్పట్లో క్రూరత్వం గానీ, వదిలేసి వెళ్లిపోవడం గానీ విడాకులకి కారణాలు కావు. వాటి మీద కోర్టు వాళ్లు విడిగా ఉండటానికి మాత్రమే డిక్రీ ఇచ్చేవారు. 1976లో చట్టం మార్చి ఆ రెండింటినీ 13వ సెక్షన్‌లోకి, అంటే విడాకుల కారణాల్లోకి తెచ్చారు. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే దారి కూడా ఆ ఏడాదే తెరిచారు. మీరు చెప్పిన రెండేళ్లు ఈ వదిలేయడం అనే కారణానికి సంబంధించినవి. కేసు వేసే రోజుకి ముందు కనీసం రెండేళ్లు, మధ్యలో తెగకుండా, అవతలివాళ్లు వదిలేసి ఉండాలి. సరైన కారణం లేకుండా, ఇవతలివాళ్ల ఇష్టానికి విరుద్ధంగా వదిలేసి ఉండాలి. ఈ మాటలన్నీ తీసేసి రెండేళ్లు అన్న అంకె ఒక్కటే మిగిలిస్తే అది చట్టం కాదు, పుకారు.

పెళ్లి ఇక బతికే ఆశ లేదు కాబట్టి విడాకులు ఇవ్వండి అని అడిగే కారణం మన చట్టంలో ఈరోజుకీ లేదు. సుప్రీంకోర్టు ఒక్కటే రాజ్యాంగం 142వ అధికరణ కింద ఆ పని చేయగలదని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇక్కడి ఫ్యామిలీ కోర్టుకి ఆ అధికారం లేదు.

చట్టం భాషలో ఈ వదిలేసి వెళ్లిపోవడాన్ని పరిత్యాగం అంటారు. మాకు ఆఫీసులో డిజర్షన్. మా వైపు ఊళ్లలో మాట ఒగ్గేయడం. ఒక్కటి గమనించండి. మన వాడుకలో మగవాడు ‘ఒగ్గేసినాడు’, ఆడది ‘వచ్చేసినాది’. ఆడదాని విషయంలో గడప దాటిందన్న సంగతే చెప్పుకుంటాం, ఎందుకు దాటాల్సి వచ్చిందన్నది పక్కన పడేస్తాం. కోర్టు అడగాల్సింది ఆ పక్కన పడేసిన సంగతే. విడిగా ఉండటం ఒకటి, ఇక ఈ కాపురం వద్దని మనసులో తెంచుకోవడం ఇంకొకటి. రెండూ ఉంటేనే వదిలేసినట్టు. 1957 నాటి లా రిపోర్టులో ఉన్న బొంబాయి కేసు ఒకటి మా సీనియర్‌గారు ప్రతి డిజర్షన్ కేసులోనూ ఎత్తేవారు. అందులో భార్య పుట్టింటికి వెళ్లింది. ఆవిడ వదిలేసిందని భర్త కేసు. తీరా చూస్తే, పిల్లని పంపొద్దని ఆవిడ పుట్టింటికి టెలిగ్రాం ఇచ్చినవాడు ఆ భర్తే. ఆవిడ వదిలేసినట్టు రుజువు కాలేదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పేరా నేను ఎన్నిసార్లు టైపు చేశానో, చూడకుండా చెప్పగలిగేదాన్ని. మా ఇంట్లోకే వస్తుందని మాత్రం అనుకోలేదు.

మా చెల్లెలిది గాజువాక వైపు కాపురం. మా మరిది, అంటే దాని భర్త, ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు. కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. ఆ మాట చెప్పే మా అమ్మ చాలాకాలం చెల్లెలి నోరు మూయించింది. అతను చేసింది ఏమిటంటే, మాట్లాడటం మానేశాడు. ఒకటి రెండు రోజులు కాదు, ఏడు నెలలు. ఏం కావాలన్నా నాలుగేళ్ల పిల్లాడి ద్వారానే. నేను ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. చెల్లెలు అతనికి జానెడు దూరంలో ఉంది. “మీ అమ్మని మజ్జిగ పొయ్యమను” అన్నాడు పిల్లాడితో. వాడు తలెత్తకుండానే “అమ్మా, మజ్జిగంట” అన్నాడు. వాడికి అది అలవాటైపోయింది. మజ్జిగ పోస్తూ చెల్లెలు నా వైపు చూడలేదు. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

2015 భోగి ముందు రోజు చెల్లెలు పిల్లాడిని తీసుకుని కంచరపాలెం మా ఇంటికి పండక్కి వచ్చింది. ముక్కనుమ వెళ్లాక అరిసెల డబ్బా, బట్టల సంచీ పట్టుకుని తిరిగి వెళ్లింది. తాళం కొత్తది. తన దగ్గరున్న చెవి అందులో దూరను కూడా దూరలేదు. డబ్బా మెట్టు మీద పెట్టి, పిల్లాడిని పక్కన నిలబెట్టి, తాళం తప్పు కాదేమో చెవిదే తప్పేమో అన్నట్టు నాలుగుసార్లు తిప్పి చూసిందట. ఇంటి యజమాని భార్య బయటకొచ్చి “మీ ఆయన సామాను మొన్నే పట్టుకుపోయాడమ్మా, నీకు చెప్పలేదా?” అంది.

ఆ తర్వాత ఎవరు వెళ్లినా, ఎంతమంది పెద్దమనుషులు కూర్చున్నా ఏమీ కాలేదు. ఆ కథ ప్రతి ఇంట్లోనూ ఒకటే, రాయక్కర్లేదు. 2017 జూన్‌లో మా ఇంటికి కోర్టు నోటీసు వచ్చింది. భార్య 2015 జనవరిలో తన ఇష్టానుసారం ఇల్లు విడిచి వెళ్లి, రెండేళ్లకు పైగా భర్తను పరిత్యజించింది, కనుక విడాకులు ఇప్పించగలరు. తాళం మార్చినవాడే పిటిషనరు.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక నిజం చెప్పుకోవాలి. విడాకుల పిటిషన్లు చాలావరకు ఒకే అచ్చులో పోసినవి. ‘ప్రతివాది పిటిషనరును శారీరకంగానూ మానసికంగానూ హింసించి, సూటిపోటి మాటలతో వేధించి’ అనే పేరా మా కంప్యూటర్లో పర్మినెంటుగా ఉండేది. పేర్లు, ఊళ్లు మార్చడమే మా పని. ఒకసారి పేరు మార్చడం మరిచిపోతే నాలుగో పేజీలో వేరే ఆవిడ పేరు మిగిలిపోయి అలాగే కోర్టుకి వెళ్లింది. తిట్లు నాకే పడ్డాయి. పడాల్సింది కూడా. పైగా పిటిషన్లు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. చివర్న ‘తెలుగులో చదివి వినిపించగా ఒప్పుకుని సంతకం చేసితిని’ అని ఉంటుంది. ఎంతమందికి నిజంగా చదివి వినిపించామో నన్ను అడక్కండి.

చెల్లెలి కౌంటరు, అంటే అతని పిటిషనుకి ఇచ్చే జవాబు, డ్రాఫ్టు వచ్చినప్పుడు అందులోనూ అదే పేరా ఉంది. నాకు మండింది. ఇంటికి తీసుకొచ్చి రాత్రి కూర్చుని దాన్ని అడిగాను. ఆ రోజు బయల్దేరేముందు ఏం చేశావు, ఎవరితో ఏం మాట్లాడావు, చిన్నదైనా పరవాలేదు చెప్పు అని. చాలాసేపటికి “ఏటి చేస్తానే, గేసు కట్టేశాను, పాలు అయిదు రోజులు వద్దని చెప్పమని యజమాని గారి ఆవిడకి చెప్పాను” అంది. అంతే. ఆ పాల సంగతి అది మర్చిపోయిన విషయం కూడా కాదు, చెప్పదగ్గ విషయమని అనుకోలేదు.

పూర్తిగా పోయే మనిషి పాలు అయిదు రోజులే ఎందుకు ఆపమంటుంది? కౌంటర్లో ఆ వాక్యం పెట్టించాను. యజమాని భార్య మొదట రానంది, తర్వాత వచ్చి బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పింది. రెండో సాక్ష్యం మా ఉత్తరం. 2015 ఫిబ్రవరిలో, కేసు ఆలోచనే లేని రోజుల్లో, చెల్లెలు అతని కంపెనీ చిరునామాకి రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపింది. నేను టైపు చేద్దామన్నా వద్దని చేత్తోనే రాసింది. ‘నేనూ బాబూ ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాము, ఏ ఇంటికి రావాలో చెప్పండి’ అని. తీసుకొనుటకు నిరాకరించారు అన్న పోస్టుమాన్ రాతతో కవరు విప్పకుండానే తిరిగొచ్చింది. అమ్మ దాన్ని బియ్యం డబ్బా వెనక దాచింది. కోర్టులో విప్పి చదివి ఎగ్జిబిట్‌గా మార్కు చేశారు. (ఇప్పుడు రిజిస్టరు పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. రసీదు, అందినట్టు రుజువు ఏది తీసుకున్నా భద్రంగా ఉంచుకోండి. వాట్సాప్ మెసేజీలైతే ఫోన్ మార్చినప్పుడు పోతున్నాయి, చూసుకోండి.)

2021లో అతని పిటిషను కొట్టేశారు. కోవిడ్ వల్ల వాయిదాలు మరీ సాగాయి, లేకపోతే కొంచెం ముందే అయ్యేదేమో. ఆర్డరులో పాల ముక్క ఉంది, కవరు సంగతి ఉంది. ఇంటికొచ్చి అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. చెల్లెలు మాత్రం “గెల్చినాం సరే, ఇప్పుడేటి? తాళం మార్చినోడికి ఇంకా పెళ్లాన్నే కదా” అంది. నా దగ్గర జవాబు లేదు. చట్టం పోరాడి నిలబెట్టింది ఆ పెళ్లినే.

ఆ మరుసటి ఏడాది తనే పిటిషను వేసింది. ఈసారి క్రూరత్వం, పరిత్యాగం రెండూ అతని మీద. బయటికి వెళ్లేలా చేసినవాడే వదిలేసినవాడు అవుతాడు, కాళ్లు ఎవరివి కదిలాయన్నది కాదు ప్రశ్న. క్రూరత్వం అంటే ఏమిటో చట్టంలో నిర్వచనం లేదు, కావాలనే వదిలేశారు. ఎముక విరగక్కర్లేదు. అలాగని ప్రతి అలకా క్రూరత్వం కాదు. 2007లో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి కొన్ని ఉదాహరణలు ఇస్తూ, సంసారంలో మామూలుగా వచ్చే చికాకులు, చిన్న చిన్న గొడవలు చాలవనీ, ఎదుటి మనిషితో ఇక బతకలేననిపించేంతగా, చాలాకాలం సాగినదై ఉండాలనీ చెప్పింది. ఏడు నెలలు పిల్లాడి నోటితో మజ్జిగ అడిగించడం అందులోకి వస్తుందా? వస్తుందని మా లాయరుగారు వాదించడానికి సిద్ధపడ్డారు. ఆ అవసరం రాలేదు. అతను రాజీకి వచ్చాడు. ఇద్దరి ఇష్టంతో విడాకులకి మార్చుకుని, 2023లో ముగించుకున్నారు. అలాంటి కేసులో మొదటి అర్జీ తర్వాత ఆరు నెలలు ఆగాలి కానీ, ఎప్పటినుంచో విడిగా ఉన్నవాళ్లకి కోర్టు ఆ గడువు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. వీళ్లకి మాఫీ చేశారు. ఎనిమిదేళ్లు విడిగా ఉన్నవాళ్లకి ఆరు నెలలు ఆలోచించుకోమంటే నవ్వొస్తుంది మరి.

మగవాళ్లు నొచ్చుకోకూడదు. క్రూరత్వం అన్న కారణం ఇద్దరిదీ. 1975లో పుణె కేసు ఒకటుంది, అది భర్త వేసినదే. భార్య ప్రవర్తన క్రూరమేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. హత్యానేరంలోలా సందేహానికి అతీతంగా రుజువు అక్కర్లేదు, ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశముందో చూస్తే చాలని చెప్పింది కూడా ఆ తీర్పే. అయినా ఆయన ఓడిపోయాడు. అన్నీ తెలిసి తర్వాత కూడా కాపురం చేశారు కాబట్టి క్షమించినట్టే అన్నారు. మా ఆఫీసుకి వచ్చే ఆడవాళ్లలో ఈ ముక్క తెలియనివాళ్లే ఎక్కువ. పెద్దలు సర్ది చెప్పి పంపితే వెళ్తారు, మళ్లీ దెబ్బలు తిని వస్తారు. మొదటిసారివి క్షమించినా, మళ్లీ మొదలైతే పాతవి కూడా లేచి వస్తాయి, అప్పుడు చెప్పుకోవచ్చు. కానీ చెప్పుకోవాలంటే గుర్తుండాలి. అవతలివాళ్ల మీద నోటికొచ్చినట్టు నీచమైన ఆరోపణలు రాస్తే అదే తిరిగి క్రూరత్వం అవుతుందని 2013లో ఒక తెలుగు జంట కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కోపంలో పిటిషను బరువెక్కించమని టైపిస్టుల్ని బతిమాలకండి.

ఈ కారణాలు హిందువులకే కాదు. మా పక్కింటి క్రైస్తవ అమ్మాయి 1869 నాటి చట్టం కింద కేసు వేసింది. 2001 సవరణకి ముందైతే క్రైస్తవ భార్య క్రూరత్వం ఒక్కటి చూపిస్తే చాలేది కాదు, భర్త వేరే ఆడదానితో ఉన్నాడని కూడా రుజువు చేయాల్సి వచ్చేది. ఆ సెక్షన్ టైపు చేసిన రోజులు నాకు గుర్తు.

ఇక పర్సులో పేపరు ముక్క పెట్టుకున్న అమ్మాయి. చెల్లెలికిప్పుడు సీతమ్మధారలో కుట్టు షాపు ఉంది. ఈ అమ్మాయి పెందుర్తి నుంచి అక్కడికి ఫాల్స్ కుట్టే పనికి వస్తుంది. మీ జవాబు చదివిన రోజు నుంచి క్యాలెండర్లో టిక్కులు పెట్టుకుంటోంది. రెండేళ్లకి ఇంకా నెలన్నర ఉందట. నాలుగు నెలల కింద భర్త తరఫున లాయరు నోటీసు వచ్చింది, కాపురానికి రమ్మని. దానికి జవాబే ఇవ్వలేదు. ఎందుకమ్మా అంటే, “జవాబిస్తే మళ్లీ కలిసినట్టు రాసేసి, రెండేళ్లూ మొదట్నుంచి లెక్కేస్తారేమోనని” అంది.

సంపాదకులు గారూ, మీ రెండు వాక్యాలు చేసిన పని ఇది. ఆ నోటీసుకి జవాబు లేకపోతే రేపు కోర్టులో అతను అడిగేది ఒక్కటే, ‘నేను రమ్మన్నాను, ఆవిడే రాలేదు’ అని. కాపురానికి రమ్మనే కేసు 9వ సెక్షన్ కింద వేస్తారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 1983లో జస్టిస్ పి.ఎ.చౌదరి ఆ సెక్షన్ చెల్లదని కొట్టేశారు, మనిషిని బలవంతంగా కాపురానికి పంపడమేమిటని. ఆ మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. అందులో డిక్రీ వచ్చాక ఏడాదిలోగా కలవకపోతే, ఆ మాట చెప్పే విడాకులు అడగొచ్చు. అందుకే రమ్మనే నోటీసులన్నీ రమ్మనడానికి కాదు. కొన్ని విడాకులకి మెట్లు కట్టుకోవడానికి.

ఈ అమ్మాయి వచ్చేయడానికి కారణం ఉంది, అది గట్టి కారణం. అతను పుస్తెలతాడు తాకట్టు పెట్టి తాగాడు, అడిగితే వేడి అట్లకాడతో చెయ్యి కాల్చాడు. మచ్చ చూపించింది. ఆసుపత్రి చీటీ ఉందా అంటే లేదంది, పసుపు రాసుకుందట. రెండేళ్లు నిండక్కర్లేకుండా క్రూరత్వం మీద ఈరోజే కేసు వేసుకోవచ్చన్న సంగతి ఆ అమ్మాయికి తెలియదు. డబ్బులేకే ఆగిందట. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ఉంది, 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. కేసు నడుస్తుండగా మనోవర్తి కూడా అడగొచ్చు. ఇవేవీ మీ జవాబులో లేవు.

మీరు చేయాల్సింది చిన్నదే. ఆ జవాబు తప్పని, అదే శీర్షికలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. లోపల పేజీల్లో అడుగున వేస్తే ఆ అమ్మాయిలాంటి వాళ్ల కంట పడదు. నా పేరు వేయకండి, మా చెల్లెలి కొడుక్కి ఇప్పుడు చదువుకునే వయసు, స్నేహితులు చదువుతారు.

నోటీసుకి జవాబు మొన్న ఆదివారం మా ఇంట్లో తయారుచేశాం. ఉచిత లాయరుగారు దిద్దాక పంపిస్తాం. నేనే కొట్టాను, మా పాత పేరా లేకుండా. తేదీలు అడిగితే ఆ అమ్మాయికి ఒక్కటీ గుర్తులేదు. చెయ్యి కాల్చింది ఎప్పుడు అంటే చాలాసేపు ఆలోచించి, “సింహాచలం చందనోత్సవం ముందు రోజండి. మర్నాడు కాలిన చేత్తోనే లైన్లో నిలబడ్డాను” అంది. గోడ మీది మేకు నుంచి పాత క్యాలెండర్ల కట్ట దింపి, అక్షయ తృతీయ వెతికి, ఒక రోజు వెనక్కి లెక్కేసి తేదీ వేశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టైపిస్టు,
కంచరపాలెం, విశాఖపట్నం.